పారాబెన్ లేదట, మరి ఏముంది?



ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనిచ్చే ఇల్లు మనకు అరుదు. ఎందుకు పెట్టకూడదని అడిగితే బూజు పడుతుందంటారు. ఆ ఒక్క మాటలో సూక్ష్మజీవశాస్త్రం చాలా ఉంది. ఉప్పూ ఆవపిండీ పైన తేలే నూనే కలిసి క్రిములకు నీళ్లు దక్కకుండా చేస్తాయి. గరిటెకు అంటుకున్న నాలుగు చుక్కలు ఆ కట్టడిని చెడగొడతాయి. ఇదే లెక్క స్నానాల గదికీ వర్తిస్తుంది. కొబ్బరినూనె సీసా నెలల తరబడి కిటికీలో ఉంటే కనరు వాసన రావచ్చుగాని కుళ్లిపోదు, ఎందుకంటే దాంట్లో నీళ్లు లేవు. సున్నిపిండీ అంతే, పొడిగా ఉన్నన్నాళ్లూ దానికేమీ కాదు. కుంకుడుకాయ రసం మాత్రం ఇవాళ పిసికింది రేపటికి పనికిరాదు. మనం దుకాణంలో కొనే లోషన్లు, క్రీములు, షాంపూలు ఈ కుంకుడు రసం జాతివే. వాటిలో చాలావాటికి సగానికి పైగా నీళ్లే. ఆ నీళ్లలో నూనెలు, గ్లిజరిన్, మూలికల సారాలు, ఒక్కోసారి తేనె, పాలు కూడా కలుపుతారు. బ్యాక్టీరియాకు పెళ్లి భోజనం పెట్టినట్టే. అయినా ఆ సీసా దుకాణం అరలో కొన్నాళ్లు, మన అలమరలో మరికొన్నాళ్లు చెడకుండా ఉంటోందంటే లోపల ఎవరో కాపలా ఉన్నట్టు. ఆ కాపలా మందునే ప్రిజర్వేటివ్ అంటున్నాం. వాటిలో ఎక్కువ పేరున్నవీ, ఎక్కువ పేరు చెడినవీ పారాబెన్లు. ఇవాళ దుకాణానికి వెళితే ప్రతి రెండో సీసా మీదా ‘పారాబెన్ ఫ్రీ’ అని పెద్దక్షరాలు కనిపిస్తాయి. ఆ మాట మనకు చెబుతున్నదేమిటి, చెప్పకుండా దాస్తున్నదేమిటి అన్నదే ఈ ప్రసంగం.

ముందుగా, కాపలా లేకపోతే ఏమవుతుంది? క్రీము కొంచెం వాసన వేస్తుంది, పారేస్తాం, అంతేకదా అనుకోవచ్చు. వాసన వేసి హెచ్చరిస్తే మంచిదే. చాలాసార్లు వాసనా రాదు, రంగూ మారదు. కంటి రెప్పలకు రాసుకునే మస్కారా సంగతి చూడండి. సన్నటి బ్రష్షు రెప్పల్ని తాకుతుంది, తిరిగి సీసాలోకి వెళుతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. చెయ్యి వణికి ఆ బ్రష్షు కంటి నల్లగుడ్డు మీది పొరను గీరిందనుకోండి, సీసాలో పెరుగుతున్న క్రిమి ఆ గీతలోకి దిగుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇలా మస్కారా నుంచి కంట్లోకి చేరి పుండ్లు చేసిన కేసులను 1977లో అమెరికాలోని ఒక నేత్రవైద్య పత్రికలో ప్రచురించారు. కంట్లో ఆ పుండు చూపునే తీసేయగలదు. 2006లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక ఆస్పత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఐదుగురు రోగులకు బర్ఖోల్డేరియా అనే క్రిమి సోకింది. ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే రోగుల ఒంటికి రాస్తున్న మాయిశ్చరైజింగ్ లోషన్‌లో దొరికింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం మీద ఆ క్రిమి ఏమీ చేయలేకపోవచ్చు. గొట్టాలు పెట్టుకుని మంచాన ఉన్నవాళ్ల సంగతి వేరు. కాబట్టి ప్రిజర్వేటివ్ అనేది కంపెనీ తన సరుకు ఎక్కువకాలం అమ్ముకోవడానికి వేసుకునే సౌకర్యం మాత్రమే అనే మాట సగమే నిజం. మిగతా సగం మన కళ్ల కోసం, పసిపిల్లల చర్మం కోసం.

ఈ కాపలా సరిగా ఉందో లేదో చూడడానికి ఒక పరీక్ష ఉంది, అది చాలా సరదాగా ఉంటుంది. తయారైన క్రీములోకి కావాలనే క్రిముల్ని వదులుతారు. గ్రాముకు లక్షల్లో బ్యాక్టీరియా. ఇందాక చెప్పిన సూడోమోనాస్, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్, పేగుల్లో ఉండే ఈ-కొలై, కాండిడా అనే ఈస్ట్, నల్ల బూజు, ఈ ఐదింటినీ వేరువేరుగా కలిపి మూతపెట్టి ఉంచుతారు. ఏడో రోజున, పద్నాలుగో రోజున, ఇరవై ఎనిమిదో రోజున తీసి ఎన్ని బతికున్నాయో లెక్కపెడతారు. బ్యాక్టీరియా తగ్గిపోయి మళ్లీ తల ఎత్తకూడదు. ఒక మాదిరి మందుతో ఈ పరీక్ష గట్టెక్కడం కష్టం. ఒక మందు బ్యాక్టీరియాను చంపి బూజును వదిలేస్తుంది, ఇంకొకటి బూజును చంపి సూడోమోనాస్ దగ్గర చేతులెత్తేస్తుంది. మరొకటి క్రీములో కలపగానే వాసన మారుస్తుంది, లేదా రంగు తిరిగిపోయేలా చేస్తుంది. పులుపు ఎక్కువైతే పనిచేసేవి కొన్ని, తక్కువైతేనే పనిచేసేవి కొన్ని. ఇన్ని షరతుల మధ్య పారాబెన్లు నిలబడ్డాయంటే ఊరికే నిలబడలేదు.

పారాబెన్లు ఒక కుటుంబం. అన్నిటికీ తల్లి పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లం. ఆ ఆమ్లానికి చిన్న తోకో పెద్ద తోకో తగిలిస్తే మిథైల్, ఈథైల్, ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లు అవుతాయి. 1920ల నుంచి మందుల్లో, తరువాత క్రీముల్లో వాడుతున్నారు. రంగు లేదు, వాసన దాదాపు లేదు, చవక. తోక చిన్నదైతే నీళ్లలో బాగా కరుగుతుంది, తోక పెరిగేకొద్దీ నూనె వైపు మొగ్గుతుంది, క్రిముల్ని చంపే బలమూ పెరుగుతుంది. అందుకే చాలా క్రీముల్లో మిథైల్, ప్రొపైల్ రెండూ జంటగా కనిపిస్తాయి. ఒకటి నీటి భాగానికి, ఒకటి నూనె భాగానికి కాపలా. దగ్గు మందు సిరప్పుల్లో, తాగే యాంటాసిడ్లలో కూడా ఈ జంటను చాలాకాలంగా వాడుతూ వచ్చారు. తోక సంగతి ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే తగాదా అంతా ఆ తోక దగ్గరే ఉంది. బలం పెరిగేకొద్దీ శరీరంలోని ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అనుకరించే గుణం కూడా పెరుగుతుంది. పారాబెన్లు అని అన్నిటినీ ఒకే గాటన కట్టేసేవాళ్లు, అటు తిట్టేవాళ్లయినా ఇటు వెనకేసుకొచ్చేవాళ్లయినా, ఈ తేడాను మింగేస్తారు.

భయం ఎలా మొదలైందో చూద్దాం. 1998లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఈస్ట్ కణాల మీద చేసిన పరీక్షలో పారాబెన్లు ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తాయని తేలింది. అన్నిటికంటే బలమైన బ్యూటైల్ పారాబెన్ కూడా ఒంట్లోని అసలు ఈస్ట్రోజెన్ కంటే పదివేల రెట్లు బలహీనం. మిథైల్ రకం అంతకన్నా ఎన్నో రెట్లు బలహీనం. ఇది శాస్త్రవేత్తల మధ్య చర్చగా ఉండిపోయేదేమో. 2004లో రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిపా డార్బ్రే బృందం ఇరవై రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్లు ఉన్నాయని ప్రచురించింది. సగటున గ్రాము కణజాలానికి ఇరవై నానోగ్రాముల చిల్లర. నానోగ్రామంటే గ్రాములో వందకోట్ల వంతు. ఇక వార్తలు ఆగలేదు. చంకల్లో రాసుకునే డియోడరెంట్ వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ పరిశోధనలో పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణజాలం లేదు. ఆ ఇరవై మంది ఏం వాడారో తెలియదు. ఏమీ కలపని ఖాళీ నమూనాల్లో కూడా కొంత పారాబెన్ కనిపించింది. పారాబెన్ వల్లనే క్యాన్సర్ వచ్చిందని తాము అనలేదని ఆ రచయితలే తరువాత స్పష్టం చేశారు. ఎనిమిదేళ్ల తరువాత అదే పరిశోధకురాలి బృందం నలభై మంది మహిళల నుంచి తీసిన 160 నమూనాలను పరీక్షిస్తే దాదాపు అన్నిటా పారాబెన్లు దొరికాయి. ఆ నలభై మందిలో ఏడుగురు చంకల్లో ఏనాడూ ఏదీ రాసుకోలేదని చెప్పినవాళ్లు. అంటే అది డియోడరెంట్ నుంచే వచ్చిందనే కథ అక్కడే సడలింది. ఉండడం వేరు, చెయ్యడం వేరు. దొంగతనం జరిగిన వీధిలో మీరూ ఆ రోజు నడిచి ఉండవచ్చు.

వార్త మాత్రం వెనక్కి పోలేదు. కొనేవాళ్లు భయపడ్డారు, అమ్మేవాళ్లు ఆ భయాన్ని లేబుల్ మీద అచ్చువేశారు. నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. భయపడడంలో తప్పేమీ లేదు, ఒంటికి రాసుకునేదాని గురించి అడగాల్సిందే. కానీ పారాబెన్ తీసేస్తే ఆ చోట ఏం వచ్చి కూర్చుంది అని అడిగినవాళ్లు తక్కువ. నీళ్లున్న సీసాలో కాపలా తప్పదని ముందే అనుకున్నాం కదా. పాత కాపలాదారుణ్ని పంపేశారు, కొత్తవాడెవడు? అతని పూర్వోత్తరాలేమిటి? ఈ ప్రశ్నకు జవాబు ఐరోపా చర్మవైద్యుల దగ్గర ఉంది.

మిథైల్ ఐసో థయాజోలినోన్. పేరు నోరు తిరగదు, వైద్యులు ఎం.ఐ. అని పిలుస్తారు, నేనూ అలాగే అంటాను. దీన్ని 1980ల నుంచి క్లోరిన్ ఉన్న తన అన్నతో కలిపి చాలా తక్కువ పాళ్లలో, పది లక్షల భాగాలకు పదిహేను భాగాల లెక్కన వాడేవారు. ఎలర్జీలు తెచ్చిపెట్టేది ఆ అన్నేనని, తమ్ముడు సాధువని అనుకున్నారు. అందుకని 2005లో ఐరోపా సమాఖ్య ఎం.ఐ.ని ఒంటరిగా పది లక్షలకు వంద భాగాల దాకా వాడుకోవచ్చని అనుమతించింది. విచిత్రమేమిటంటే, మరో ప్రిజర్వేటివ్ ఎలర్జీలు తెస్తోందని కడగకుండా వదిలేసే క్రీముల్లో దాన్ని నిషేధించింది కూడా ఆ ఏడాదే. ఒక తలుపు మూసి ఇంకో తలుపు తెరిచారు. ఎం.ఐ. చాలా సమర్థంగా పనిచేస్తుంది. క్రిమి ప్రోటీన్లలోని గంధకపు కొక్కేలకు అతుక్కుని వాటిని చంపుతుంది. ఆ కొక్కేలు మన చర్మంలోని ప్రోటీన్లకూ ఉన్నాయి. మన ఒంటి రక్షణ వ్యవస్థ ఎం.ఐ. అంటుకున్న ప్రోటీన్‌ను పరాయిదిగా గుర్తుపట్టిందంటే, ఆ గుర్తు ఇక జీవితాంతం పోదు. మళ్లీ ఎప్పుడు తగిలినా దురద, ఎరుపు, నీరు కారే పొక్కులు. ఏ గుణం వల్ల మంచి మందయిందో ఆ గుణమే దాని దోషం.

తడి వైప్స్‌లో, ముఖం క్రీముల్లో, సన్‌స్క్రీన్లలో ఎం.ఐ. చేరింది. కొద్ది ఏళ్లలో ఐరోపా చర్మ క్లినిక్కుల్లో, వీపు మీద పట్టీలు అతికించి చేసే ప్యాచ్ టెస్టుల్లో, ఎం.ఐ.కి ఎర్రబడే వీపులు పెరుగుతూ పోయాయి. 2015లో ఐరోపాలోని పలు కేంద్రాల్లో కలిపి 3,434 మంది రోగులను పరీక్షిస్తే నూటికి ఆరుగురికి ఈ ఎలర్జీ ఉన్నట్టు తేలింది. పారాబెన్లకు ఇదే పరీక్షలో వచ్చే సంఖ్య సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండదు. 2014లో అమెరికన్ వైద్యులు ఆరుగురు పిల్లల సంగతి రాశారు. మూతి చుట్టూ, పిరుదుల మీద, చేతుల మీద మానని దద్దుర్లు. ఎగ్జిమా అనుకున్నారు, చీము పొక్కులనుకున్నారు, సోరియాసిస్ అనుకున్నారు, పూతమందులు మార్చి మార్చి రాశారు. కారణం తల్లులు రోజూ తుడిచే వైప్స్. వాటిని ఆపేయగానే తగ్గింది. శుభ్రం చేద్దామని తుడిచిన కొద్దీ పుండు ముదిరిందన్నమాట. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో ఎం.ఐ.ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. ఐరోపా తయారీదారుల సంఘమే ఆ ఏడాది చివర్లో, వదిలేసే క్రీముల్లో దీన్ని మానుకోండని తన సభ్యులకు చెప్పింది. చట్టం కదలడానికి ఇంకా సమయం పట్టింది. 2017 ఫిబ్రవరి నుంచి ఐరోపాలో వదిలేసే ఉత్పత్తుల్లో ఎం.ఐ. నిషిద్ధం. షాంపూల వంటి కడిగేసే వాటిలో 2018 నుంచి మళ్లీ పదిహేను భాగాలకే పరిమితం. ఇంతలో ఎన్ని లక్షల మంది చర్మం ఆ గుర్తును శాశ్వతంగా మోసుకుపోయిందో! గోడలకు వేసే నీటి రంగుల్లో కూడా ఇదే మందు ఉంటుంది కనుక, ఒకసారి ఎలర్జీ వచ్చినవాళ్లకు కొత్తగా రంగు వేసిన గది కూడా పగే.

పారాబెన్ల మీద భయం ఒక్కటే ఈ ఎలర్జీల వెల్లువకు కారణమని నేను అనను. అనుమతించిన పరిమాణమే ఎక్కువ, ముందు చేయాల్సిన పరీక్షలు సరిపోలేదు, ఆ బాధ్యత నియంత్రణ సంస్థలది, కంపెనీలది. కానీ పారాబెన్లను వదిలించుకోవాలన్న తొందర, మార్కెట్లో ఆ ఖాళీని పెంచింది. ఆ ఖాళీలోకి ఎం.ఐ. వచ్చింది, ఫార్మాల్డిహైడ్‌ను కొద్దికొద్దిగా వదిలే డీఎండీఎం హైడాంటోయిన్, క్వాటర్నియం-15 లాంటివీ చాలా సీసాల్లో కొనసాగాయి. అదే అమెరికన్ సంఘం 2019లో పారాబెన్లకు ఒక వింత బిరుదు ఇచ్చింది: ఆ ఏటి ‘ఎలర్జీ కాని పదార్థం’. ఏటా ఎలర్జీ కారకాన్ని ప్రకటించే సంఘం, ఆ స్థానంలో, మీరు అనవసరంగా భయపడుతున్నది ఇదిగో అని చూపించిందన్నమాట. పుండ్లు పడిన చర్మం మీద రాస్తే పారాబెన్లు కూడా కొందరికి ఎలర్జీ తెస్తాయని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఆరోగ్యమైన చర్మం మీద మాత్రం అవి దాదాపు ఏ గొడవా చేయవు. ఇక్కడ అంకెలు కూడా మోసం చేస్తాయి. ఐరోపాలో ఒక పారాబెన్‌కు అనుమతి 0.4 శాతం, అంటే పది లక్షలకు నాలుగు వేల భాగాలు. ఎం.ఐ.కి అప్పట్లో వంద. వంద చిన్న అంకె కనుక అది సాత్వికమని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చిటికెడు ఇంగువకూ గుప్పెడు ధనియాలకూ ఉన్న తేడా అది.

హార్మోన్ సంగతి ఇంకా తేలలేదు కదా, ఎలర్జీ రాదు గనక మంచిదేనంటే ఎలా అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న, ఈ ప్రశ్నే అసలు ప్రశ్న. ఒంట్లోకి వెళ్లదని వాదించడం కుదరదు. అమెరికా ప్రభుత్వం దేశవ్యాప్తంగా తీసిన మూత్ర నమూనాల్లో నూటికి తొంభైతొమ్మిదింటిలో మిథైల్ పారాబెన్ కనిపించింది, ఆడవాళ్లలో మగవాళ్లకంటే ఎక్కువగా. చర్మంలోనూ కాలేయంలోనూ ఉన్న ఎంజైములు దీన్ని విరగ్గొట్టి తల్లి ఆమ్లంగా మార్చి మూత్రంలో పంపేస్తాయి. మూత్రంలో కనిపించిందంటే ఒంట్లో పేరుకుపోయిందని కాదు, బయటికి వస్తోందని. అయినా రోజూ రాసుకునేవాళ్లకు రోజూ కొంత వెళ్తూనే ఉంటుంది. కాలిఫోర్నియాలోని సలినాస్ లోయలో పెరిగిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, పారాబెన్లు ఎక్కువగా ఉన్న ఆడపిల్లలు కొంచెం ముందుగా ఎదిగినట్టు 2018లో రాశారు. వాళ్లే ఇంకో మాట కూడా రాశారు: ముందుగా ఎదిగిన పిల్లలే ముందుగా క్రీములు, పౌడర్లు పూసుకోవడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ లెక్కల్లో విడదీయడం కష్టం. అదే లోయలో అంతకుముందు చేసిన మరో ప్రయత్నం నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. వందమంది టీనేజీ అమ్మాయిలకు మూడు రోజులు పారాబెన్లు తదితరాలు లేవని లేబుల్ ఉన్న సరుకు ఇచ్చారు. మిథైల్, ప్రొపైల్ పారాబెన్లు మూత్రంలో నలభై శాతానికి పైగా తగ్గాయి. మార్చుకుంటే తగ్గించుకోవచ్చని తేలింది, మంచిదే. కానీ ఈథైల్, బ్యూటైల్ రకాలు పెరిగాయి! లేవన్నచోటి నుంచే వచ్చి ఉండవచ్చు. లేబుల్ మీద నమ్మకం పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

నియంత్రణ సంస్థలు ఊరుకున్నాయని కూడా అనలేం. తోక పొడవును బట్టి విడదీసి చూశాయి. 2011లో డెన్మార్క్ మూడేళ్లలోపు పిల్లల ఉత్పత్తుల్లో ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లను నిషేధించింది. 2014లో ఐరోపా సమాఖ్య ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ వంటి ఐదు రకాలను పూర్తిగా తీసేసింది. హాని రుజువైందని కాదు, హాని లేదని చూపే వివరాలు తయారీదారులు ఇవ్వలేదని. నాకు నచ్చిన పద్ధతి అది, రుజువు భారం అమ్మేవాడి మీద ఉండాలి. ప్రొపైల్, బ్యూటైల్ రెండింటికీ కలిపి పరిమితిని 0.14 శాతానికి దించారు. డైపర్ కట్టే చోట రాసి వదిలేసే క్రీముల్లో మూడేళ్లలోపు పిల్లలకు అవి వద్దన్నారు. డైపర్ కింద చర్మం చెమర్చి, ఒరుసుకుపోయి ఉంటుంది, మందు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది, పసిబిడ్డ కాలేయం ఇంకా పూర్తిగా పనిలోకి దిగి ఉండదు. ఇది తర్కం ఉన్న జాగ్రత్త. ఆ తరువాత ఐరోపా శాస్త్రీయ సంఘం 2021లో ప్రొపైల్ పారాబెన్‌ను 0.14 శాతం వద్ద, 2023లో మిథైల్ పారాబెన్‌ను 0.4 శాతం వద్ద మళ్లీ పరిశీలించి సురక్షితమనే చెప్పింది. కాలిఫోర్నియా 2027 నుంచి ఆహారంలో ప్రొపైల్ పారాబెన్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది కదా అంటే, నిజమే. తినేది వేరు, రాసుకునేది వేరు. పైగా ఆహారంలో దాని బదులు వాడడానికి వేరేవి ఎన్నో ఉన్నాయి. ప్రతి నిర్ణయంలోనూ ‘దీని బదులు ఏమిటి’ అన్న ప్రశ్న ఉండాలి. ఆహారంలో ఆ ప్రశ్నకు సులువైన జవాబుంది, కంటి మస్కారాలో అంత సులువైన జవాబు లేదు.

ఇవన్నీ వద్దు, ప్రకృతిసిద్ధమైనదే వాడదాం అనేవాళ్లున్నారు. వాళ్ల మీద గౌరవం ఉంచుకునే ఒక సంగతి చెబుతాను. ద్రాక్షపండు జాతి కాదు, పంపరపనసకు బంధువైన గ్రేప్‌ఫ్రూట్ అనే పండు ఉంది. దాని గింజల సారం అద్భుతమైన సహజ ప్రిజర్వేటివ్ అని చాలాకాలం అమ్మారు. 1999లో జర్మనీలో ఆరు రకాల సీసాలు కొని పరీక్షించారు. ఐదు క్రిముల్ని బాగా చంపాయి. ఆ ఐదింటిలోనూ కృత్రిమ ప్రిజర్వేటివ్ దొరికింది, కొన్నిటిలో మన మిథైల్ పారాబెన్ కూడా. ఏ మందూ కలపని ఆరో సీసా ఒక్క క్రిమినీ చంపలేకపోయింది. పారాబెన్ల తల్లి ఆమ్లం కూడా ప్రకృతిలో దొరికేదే, కొబ్బరి పీచులో ఉంది, వెనిలా కాయలో ఉంది. అందువల్ల పారాబెన్లు మంచివని నేను వాదించబోవడం లేదు, ఉమ్మెత్త కూడా ప్రకృతే. ఎక్కడ పుట్టిందన్నది దాని గుణం చెప్పదు, అంతే. పచ్చళ్ల సీసాల మీద కనిపించే సోడియం బెంజోయేట్ మెత్తటి మందే, కాకపోతే పులుపు బాగా ఉంటేనే పనిచేస్తుంది. నిమ్మకాయ పచ్చడిలో పులుపు ఉంటుంది, అన్ని క్రీముల్లోనూ ఉండదు. ఇక ఇంట్లో కలబంద గుజ్జు తీసి మిక్సీలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకునే పద్ధతి. దాన్ని కుంకుడు రసంలా చూడాలి. ఇవాళ్టికి, మహా అయితే రేపటికి. నెలరోజుల సరుకు చేసి పెట్టుకుంటే అది కలబంద గుజ్జుగా ఉండదు, బ్యాక్టీరియా పెంపకశాల అవుతుంది. ఫ్రిజ్ చలి క్రిముల్ని నెమ్మదింపజేస్తుందే గాని చంపదు.

మన ఇళ్లలో ఇంకో అలవాటుంది. షాంపూ అడుగంటాక సీసాలో నీళ్లు పోసి, గిలకొట్టి, ఇంకో నాలుగు రోజులు లాగుతాం. పొదుపు మంచిదే. ఆ నీళ్లతో ప్రిజర్వేటివ్ పలచబడుతుంది, కుళాయి నీటి క్రిములు కొత్తగా చేరతాయి. పోస్తే ఆ పూటకు వాడేయాలి. క్రీము డబ్బాలో తడి వేలు ముంచడం కూడా ఆవకాయలో తడి గరిటె పెట్టడమే. ట్యూబు, పంపు సీసాలకు ఈ బాధ తక్కువ.

ఇక లేబుల్. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం, ఒక శాతం మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాయాలి, ఒక శాతం, అంతకు లోపు ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ప్రిజర్వేటివ్‌లు దాదాపు ఎప్పుడూ ఒక శాతానికి లోపే. అంటే మీరు వెతికే పేరు ఆ జాబితా తోకలో, పరిమళాల మధ్య, రంగుల మధ్య ఎక్కడో ఉంటుంది, అది కూడా ఆవగింజంత అక్షరాల్లో. ‘పారాబెన్ లేదు’ అన్నది మాత్రం ముందు వైపు, ఆకుపచ్చ రంగులో, ఆకు బొమ్మతో. చట్టప్రకారం వాడుకోవచ్చన్న పదార్థం లేదని గొప్పగా చాటుకోవడం మిగతావారిని అకారణంగా చెడ్డచేయడమేనని, 2019 జూలై నుంచి అమలులో ఉన్న ఐరోపా మార్గదర్శకాలు ఇలాంటి ప్రకటనలను తప్పుబడుతున్నాయి. మన దగ్గర అలాంటి పట్టింపు కనిపించదు. ఆ అక్షరాలు చూసి ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నది మనమే కనుక అడగవలసిందీ మనమే.

పసిపిల్లలకు వైప్స్ వాడేవాళ్లు, ముఖానికి, చేతులకు క్రీములు రాసి అలాగే వదిలేసేవాళ్లు, మానని దురదతో పూతమందులు మారుస్తున్నవాళ్లు ఈ రాత్రి ఒకసారి సీసా వెనక వైపు చూడండి. అక్కడ మిథైల్ పారాబెన్ కనిపిస్తే నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. డైపర్ క్రీములో ప్రొపైల్ పారాబెన్ కనిపిస్తే వేరేది చూసుకోవచ్చు, ఇంతకుముందు చెప్పిన కారణానికి. కడగకుండా వదిలేసే సరుకులో ఎం.ఐ. కనిపిస్తే, ముందు వైపు ఎన్ని ఆకుల బొమ్మలున్నా పక్కన పెట్టండి, దద్దుర్లుంటే ఆ సీసాను కూడా వెంటబెట్టుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. లేబుల్ మీద పొట్టి పేరు ఉండదు, పూర్తి పేరే ఉంటుంది. కాగితం, కలం దగ్గరున్నవారు రాసుకోవడానికి వీలుగా నిదానంగా మరోసారి చెబుతున్నాను: మిథైల్. ఐసో. థయాజోలినోన్.